శ్యాంసుందర్ రంగులేసిన మెయిళ్లు

పల్సానాలో చీరల మిల్లు గేటు ముందు, చాయ్ బండి దగ్గర శ్యాంసుందర్ గ్లాసు పట్టాడంటే చాలు, మాటలు కోటలు దాటుతాయి. మిల్లు ఆఫీసులో మెయిళ్లు చూసే ఉద్యోగం అతనిది. డిజైన్ సెక్షన్‌లో పనికోసం నీరజ పది రోజుల కిందట మెయిల్ పెట్టింది, జవాబు లేదు. పేర్లు తీసుకునేది ఈ సాయంత్రం ఐదింటి వరకే. అదేమిటో అడుగుదామని వడోద్ నుంచి వచ్చి, అదే మిల్లులో చీరల మీద అచ్చులేసే సోమలింగం కాకా పక్కన నిలబడింది నీరజ. అడగడానికి శ్యాంసుందర్ సందిస్తేగా!

"కంప్యూటర్ల ఒక్క చిన్న స్క్రిప్టు రాసిన, అంతే! సేఠ్ మెయిలొస్తే దానంతటదే ఎర్రగైతది. చీరలు కొనే పార్టీల ఆర్డరొస్తే ఆకుపచ్చ. ముట్టుకునే పనే లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందిరా?" అన్నాడు సోమలింగం, చాయ్ ఊదుకుంటూ.

"సేఠ్‌కు కోపమొస్తే చాలు, మెయిల్ రాయకముందే ఇక్కడ ఎర్రగైతున్నది! కడోదరా మిల్లులోల్లు కాళ్ల మీద పడ్డరు, 'భాయ్, మాకూ రంగులెయ్యి' అని. ఏసిన. ఇప్పుడు హైవే మీద లారీలు నా ఆకుపచ్చ పడితేనే కదుల్తున్నయ్! గింతేనా? మొన్న నా స్క్రీన్ మీద ఎరుపు ఎంత చిక్కగ పడ్డదంటే, డైయింగ్ మాస్టర్ బకెట్ పట్టుకొచ్చి ముంచుకపోయి మూడు వేల చీరలు అద్దిండు. చుక్క రంగు కొనలే!"

"ఉతికితే పోలేదా?"

"ఉతికినకొద్దీ మెరుస్తున్నయ్ కాకా!"

నీరజకు నవ్వాగలేదు. కానీ గడియారం నాలుగున్నర దాటింది.

"అన్నా, మరి తెల్వనోల్ల మెయిలొస్తే ఏ రంగు?"

"గదే అసలు తెలివి! పేరు నా లిస్టుల లేకుంటే అక్షరాలన్నీ తెల్లగైతయ్. కంటికి గోలే ఉండదు. పది దినాల సంది ఒక్క ఫాల్తు మెయిల్ కనబడలే!"

"అక్షరాల ఎనక ఏ రంగున్నది అన్నా?"

"ఎనక... తెలుపే."

"నా పేరు లిస్టుల ఉన్నదా అన్నా?"

శ్యాంసుందర్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. నీరజకు ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

సోమలింగం తీరిగ్గా గ్లాసు కింద పెట్టాడు.

"ముప్పై ఏండ్ల సంది అచ్చులేస్తున్న. తెల్ల చీర మీద తెల్ల పువ్వులేసి, ఒక్క పువ్వూ కనబడ్తలేదని మురిసేటోన్ని ఇయ్యాల్నే చూసిన. లే, పిల్ల మెయిల్ తియ్యి. ఇంకా ఐదు కాలే!"

హైవే మీద లారీలన్నీ కదిలించిన మొనగాడు, చాయ్ అక్కడే వదిలి గేటు వైపు పరుగు లంకించుకున్నాడు.