రెండుసార్లు తెగిన రిబ్బన్

నా పేరు విశ్వేశ్వరరావు. వయస్సు యాభై మూడు. నివాసం వనస్థలిపురం. ఎల్.బి.నగర్‌లో ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే కర్మాగారానికి మేనేజరును. ఎవరి ఒత్తిడీ లేకుండా చెప్పుచున్నాను.

మా బాయిలరు పొగలోని బొగ్గుపులుసు వాయువును పట్టడానికి ఒక పెద్ద డ్రమ్ము అమర్చాము. అందులో బ్రూసైట్ అనే ఖనిజం పొడిని తడిపి నింపాము. అది వాయువును పీల్చుకొని రాయిగా మారుతుంది. మరీ గట్టిపడితే పొగను నేరుగా చిమ్నీలోకి మళ్లించడానికి పక్కన ఒక పిడి ఉంది. ప్రారంభోత్సవపు రిబ్బన్‌ను ఆ పిడికి కట్టించినది నేనే. ఫొటోలో నిండుగా కనబడుతుందని కట్టించాను.

నిన్న ఉదయం పది గంటలకు ముహూర్తం. అతిథులకు యంత్రం నడుస్తూ కనబడాలని ముందుగానే బాయిలరు వెలిగించాము. ముఖ్య అతిథి రాలేదు. పదకొండున్నరకు బాయిలరు మనిషి సుందరయ్య దగ్గుతూ వచ్చాడు.

"సారూ, పొడి రాయి అయింది. పొగ లోపలికే తంతున్నది. జర గా రిబ్బన్ కోసి పిడి తిప్పనా?"

"దిల్‌సుఖ్‌నగర్ దాకా వచ్చేశారటయ్యా. ఇంకాస్త ఓర్చుకో" అన్నాను.

"గాయన ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు, నేను పొగల ఇరుక్కున్న" అని నవ్వాడు. నేనూ నవ్వాను. బాయిలరు ఆర్పమని చెప్పలేదు. పొడి రాయి అయిందంటే యంత్రం పనిచేసినట్టేనని నాకు సంతోషం కలిగిన మాట వాస్తవం.

పన్నెండు గంటలకు అతను బాయిలరు గదిలో పడిపోయాడు. అతని భార్య రెబెక్క మా వద్దే దుప్పట్లు మడతపెడుతుంది. పళ్లెంలో కుంకుమ పక్కనున్న కత్తెర తీసి, రిబ్బన్ కోసి, పిడి తిప్పింది. అతనిని బయటకు లాగి ఆటో ఎక్కించారు.

"మీ ముహూర్తం మీరు చూస్కోండ్రి సారూ. నా మనిషిని నేను దవాఖానకు తీస్కపోత" అని వెళ్లింది.

పన్నెండున్నరకు ముఖ్య అతిథి వచ్చారు. తెగిన రిబ్బన్‌కు నేను ముడి వేశాను. ఆయన ముడి పక్కన కత్తిరించారు. నాకు శాలువా కప్పారు. సుందరయ్య ఎక్కడని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చప్పట్లు కొట్టాను.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. అతనికి ఆక్సిజన్ పెట్టారు. స్పృహ రాలేదు. కప్పిన దుప్పటి మేము ఉతికినదే, అంచున మా గుర్తు ఉంది. రెబెక్క నా ముఖం చూడలేదు, శాలువా చూసింది. దానిని తీయకుండా వెళ్లానని అప్పుడు గమనించాను.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ముడి సంగతి కేసుకు అవసరం లేదని స్టేషను రైటరు గారు అన్నారు. ఉంచమని కోరాను. ఉంచారు. నిజమని ఒప్పుకొని సంతకం చేయుచున్నాను.

(సం.) విశ్వేశ్వరరావు