వంతెన మీద అన్న మాట

హలో… ఆ, నేనే అక్కా, నూబియాని. బతికే ఉన్నాను… లేదు, కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. పోయింది పరువొక్కటే.

లోయలోకి వెళ్ళొచ్చాను… ఏ లోయేంటి, మన కొకొరా లోయే!… నవ్వు, నవ్వు. ఇన్నేళ్ళూ దాని గుమ్మంలో కూర్చుని ట్రౌట్ చేపలు వేయించానే గానీ, ఒక్కనాడూ లోపలికి తొంగి చూడలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో విమానాలెక్కి వచ్చి చూసిపోతున్నారు…

ఎవరితోనా? అదీ… గుంపుతో. గైడు తీసుకెళ్ళాడు… ఏ గైడంటే… లిబార్దో గారు.

అరవకు! ఇందుకే నీకు చెప్పంది… ఆ, ఆయనే. పెళ్ళి చేసుకుందామా అని పోయిన ఈస్టర్ నుంచీ అడుగుతున్నాయనే. ఆలోచిస్తున్నా, ఆలోచిస్తున్నా అని నేను నానబెడుతున్నాయనే… చెట్లు చూద్దామని వెళ్ళాను, ఆయన్ని కాదు… సరే, నమ్మకపోతే మానెయ్.

ఏం వేసుకెళ్ళానా?… తెల్ల బూట్లు. కొత్తవి… ఆయన రబ్బరు బూట్లు ఇవ్వబోయాడు. "ఈ కొండల్లో పుట్టినదాన్ని, నాకెందుకండీ" అన్నాను. హాలెండ్ నుంచి వచ్చిన ముసలి దంపతులు చూస్తున్నారు కదా, వాళ్ళ ముందు డాబు. మొదటి వాగు దగ్గరే బురద ఒక బూటు మింగేసింది. ఆ ముసలాయన మోచేతిదాకా చెయ్యి దూర్చి లాగి, నా చేతికిచ్చాడు. నీళ్ళోడుతున్న బూటు పట్టుకుని రాణీలా నిలబడ్డాను…

అడవా? ఏం చెప్పను అక్కా… మబ్బు నేల మీద నడుస్తుంటుంది అక్కడ. చెట్లన్నిటికీ నాచు వేలాడుతూ… గడ్డాలు పెంచుకున్న తాతల మధ్య నుంచి వెళ్తున్నట్టుంది.

తర్వాతా… తాళ్ళ వంతెన. ఒక్కొక్కరే దాటాలి. ఆ ముసలామె కూనిరాగం తీస్తూ దాటేసింది. నేను సగం దాకా వెళ్ళానో లేదో, మబ్బు కమ్మేసింది. ముందు పలక కనపడదు, వెనక పలక కనపడదు. కింద నీళ్ళ హోరు… లేదు, పడలేదు. కదిలితేగా పడ్డానికి! కార్మెన్ మాతని పిలిచాను. అమ్మని పిలిచాను. నిన్నూ పిలిచాను… నిజం!

తర్వాత… నవ్వనని ఒట్టెయ్… "లిబార్దో గారూ! నేను పోతే మీకు తెలియాలి! సరే అందామనే అనుకున్నాను! ఎప్పుడో అనుకున్నాను!" అని అరిచాను.

…అక్కా? ఉన్నావా?… ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?

నువ్వొక్కదానివేనా. బొగొటా నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు అవతలి గట్టున ఒకటే చప్పట్లు. హాలెండ్ వాళ్ళకి ఎవరో అర్థం చెప్పారు కాబోలు, కాసేపాగి వాళ్ళూ మొదలెట్టారు…

ఆయనా? వంతెన మీదికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఇంకొక్క అడుగు… ఇంకొక్కటి" అంటూ దాటించాడు. గట్టెక్కగానే చెయ్యి వదిలేశాడు…

ఏమన్నాడంటే… "భయంలో అన్న మాట నేను పట్టుకోను నూబియా గారూ. నేల మీద నిలబడి, మీకు తోచినప్పుడు చెప్పండి." అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పైన పాకలో అందరికీ వేడి బెల్లంనీళ్ళు ఇప్పించి, నా బూటు కడిగి పొయ్యి పక్కన ఆరబెట్టాడు.

నేనా… దారంతా నా బూట్లే చూసుకుంటూ నడిచాను. ఇంటిదాకా దిగబెట్టి, టోపీ తీసి నిలబడ్డాడు. అప్పుడన్నా చెప్పొచ్చుగా? "జాగ్రత్తగా వెళ్ళండి, వాన పడేలా ఉంది" అన్నాను. వాన అక్కా, వాన!

తిట్టు… ఇంకా తిట్టు…

లేదు, ఆయన్లో వంకేం లేదు. నాకే… మా ఆయన పోయినప్పుడు ఎట్లా అయిపోయానో చూశావుగా. అన్నం కలిపి నోట్లో పెట్టింది నువ్వేగా. మళ్ళీ ఒకర్ని తెచ్చుకుని, మళ్ళీ… ఊఁ. అదే. దాని ముందు వంతెనెంత.

…

…ఏమన్నావ్?… మళ్ళీ అను…

ఊఁ… అవును. అప్పుడూ దాటాను కదా. ఊగుతూనే.

ఎక్కడా? వంటింట్లో ఉన్నాను… ఆ, నేల మీదే. సిమెంటు నేల… రెండు కాళ్ళ మీదా నిలబడే ఉన్నాను.

సరే అక్కా, పెట్టెయ్… చెప్తాలే, అంతా రేపు చెప్తాను. ముందు నువ్వు పెట్టెయ్—ఆయనకి ఫోన్ చెయ్యాలి.