చెన్నరాయప్ప బిగించిన రెయిడ్ కార్డు

పీణ్యలో సుజాత టీ అంగడి ముందర ఒక కాఫీని ఇద్దరికి పంచే బై-టూ చెప్పి, రామాంజినప్ప వెళ్లి, కంప్యూటర్ల పని తెలిసిన చెన్నరాయప్ప పక్కన కూర్చున్నాడు. వెనకటికి ఫోటోగ్రాఫరు నెగటివులన్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే చాలు, నిశ్చింతగా నిద్రపోయేవాడు. ఇప్పుడు బళేపేటలో రామాంజినప్ప స్టూడియో సరుకంతా కంప్యూటర్లోనే. మొన్న డిస్కు చచ్చి, ఒక జంట పెండ్లిలో తాళి కట్టిన ఘట్టమే పోయింది. ఇంకోసారి అలా జరిగితే అంగడి మూయడమే. ప్రతి ఫోటోనూ రెండేసి డిస్కుల్లో రాసే రెయిడ్ పెట్టించాలి. ఆ పని విడిగా ఒక కార్డు చేయాలా, కంప్యూటర్లోని సాఫ్ట్‌వేరే చేయాలా? బిగించేవాడు సాయంత్రంలోగా తేల్చమన్నాడు.

"సాఫ్ట్‌వేరా? థూ! కార్డే పెట్టించు," అన్నాడు చెన్నరాయప్ప. "నగర్తపేట స్టూడియోలో ఈ చేత్తోనే బిగించినా. ఒక డిస్కు చెడిపాయె. ఓనరు ఏడుస్తా ఉండాడు. ఉండప్పా అని దాన్ని పీకేస్తి. ఒక్క ఫోటో పోలే."

"రెయిడంటే అదే కదప్పా."

"ఆగు. ఆ తర్వాత ఏమాయెనో తెలుసునా? రెండోదీ పీకితి. పోలే. మూడోది పీకితే, ఇంకోటి కూడా తియ్యి అన్నట్టు కార్డు పచ్చలైటు కొట్టె! నాలుగోదీ తీసేస్తి. స్క్రీను మీద పెండ్లి నడస్తానే ఉండాది."

"ఒక్క డిస్కూ లేకుండానా?"

"కార్డు అంతా బాయిపాఠం చేసి నోటికి పెట్టుకోనుండాది గదా! అంతలో కరెంటు పాయె. కార్డులో బ్యాటరీ ఉండాదే, నగర్తపేటంతా ఆ వెలుతుర్లోనే వ్యాపారం చేసె. ఇంకొకటి చెప్తే నమ్మవు. పెండ్లికి రాని మేనమామను కూడా ఫోటోలో కూర్చోబెట్టె!"

కోతలు తీసేసినా ఆ మొదటి డిస్కు మాట నిజమే అయ్యుంటుందనుకుని, కార్డే పెట్టమందామని రామాంజినప్ప ఫోను తీశాడు.

గ్లాసులు కడుగుతున్న సుజాత తలెత్తింది. "చెన్నరాయప్పన్నా, ఆ మేనమామను మాకూ చూపించు. ఆ స్టూడియో ఫోటోల్లో ఉండేది మా పెండ్లే."

చెన్నరాయప్ప కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"నువ్వు బిగించిన కార్డు కాలిపాయె. స్టూడియో మూస్తా ఓనరు, మీ పెండ్లి దీంట్లోనే ఉండాదమ్మా అని నాలుగు డిస్కులూ నా చేతిలో పెట్టె. వాటికేమీ కాలేదంట. అట్లాంటి కార్డే ఇంకోటి దొరికితే గానీ తెరుచుకోవంట. పెండ్లి చీరలో చుట్టి పెట్టుకున్యా. డిస్కులు లేకుండా కార్డును నడిపిస్తివే, కార్డు లేకుండా నా డిస్కుల్ని నడిపించన్నా."

రామాంజినప్ప బిగించేవాణ్ణి ఫోన్లో ఒకే ఒక్క మాట అడిగాడు: "సాఫ్ట్‌వేరుదైతే, నా కంప్యూటరు కాలిపోతే ఎట్లప్పా?"

"డిస్కులు తీసి ఇంకో కంప్యూటర్లో పెట్టుకుంటే తెరుచుకుంటాయి సార్."

"అయితే అదే పెట్టు."

చెన్నరాయప్ప తన వంతు కాఫీ చివరిదాకా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"నేనూ అదే చెప్పబోతా ఉంటి. కథ పూర్తి కానిస్తే గదా మీరు!"