సత్తిబాబు ఎంతమంది?

ఇది చిన్న కథ, టీ చల్లారేలోగా అయిపోతుంది. అయితే యానాం ఫరంపేటలో జోసెఫిన్ కొట్లో టీ చల్లారాలంటే ముందు వేడెక్కాలి. పొయ్యి అత్తగారు ఫిలోమినాది. అత్తాకోడళ్ళకి మాటల్లేని రోజుల్లో అదీ సరిగా మండదు. సరే, మన సంగతి ఆ కొట్లో కూర్చుని కబుర్లు చెప్పే సత్తిబాబుది.

ఆయన మేనకోడలు దుర్గాశ్రీ సైకాలజీ చదువుతోంది. కంప్యూటర్‌లో దీపం వెలగగానే మీట నొక్కాలి, ఎంతసేపు పట్టిందో అది రాసుకుంటుంది. ఆ ప్రోగ్రాం పిల్ల తనే నేర్చుకుని రాసింది. ముప్పైమంది లెక్కలు ఆ సాయంత్రం ఐదింటికల్లా పుదుచ్చేరి కాలేజీ మేడంకి పంపకపోతే ఏడాది పోయినట్టే.

సత్తిబాబు చెప్పేది వేరు. "నేను చేసింది మాటసాయమే. ఆ బ్రాకెట్టు ముయ్యి అమ్మడూ అన్నాను, మూసింది, నడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను నొక్కితే సున్నా సెకన్లు. రెండోసారి దీపం వెలగకముందే నొక్కేశాను, అది సిగ్గుపడి వెలగడమే మానేసింది. మేడం ఫోన్ చేసి, ఈయన వల్ల యానాం సగటే పడిపోతోంది, కాస్త నెమ్మదిగా నొక్కమనండి అని బతిమాలింది."

"తెలుగులోనేనా?" అన్నాడు పడవ మరియదాసు.

"ఫ్రెంచిలో. నాకు అర్థమైపోయింది. చివరికి ఇంత వేగం ఒక్క మనిషిది కాదని కంప్యూటరే నన్ను నలుగురిగా రాసుకుంది."

అప్పుడే దుర్గాశ్రీ ల్యాప్‌టాప్ గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చింది. మీ మావయ్య నలుగురంట కదమ్మా అని మరియదాసు నవ్వడానికి సిద్ధమయ్యాడు.

"అవునండి. అందరూ ఒక్క మాటలో పేరు చెప్పారు. మావయ్య పెమ్మాడి వీర వెంకట సత్యనారాయణ అని పూర్తిగా కొట్టించాడు. పేరులో ఖాళీ ఉన్నచోటల్లా నా ప్రోగ్రాం కోసేసి, నలుగురిని చేసింది. ఇప్పుడే చూశాను."

"మరి ముందే నొక్కడం?" అన్నాడు మరియదాసు.

"అదీ నిజమే. మీట మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. అలాంటివి తీసెయ్యాలి."

జోసెఫిన్‌కి తల తిరిగింది. అబద్ధమని నవ్వుదామంటే నిజమంటోంది, నిజమని మెచ్చుకుందామంటే పనికిరాదంటోంది.

సత్తిబాబు గొంతు తగ్గింది. "అయితే ఇప్పుడు నేనెంతమంది అమ్మడూ?"

"సున్నా, మావయ్యా."

ఐదుకి ఐదు నిమిషాలే ఉంది. ఇరవై ఆరుమందే మిగిలారు, తప్పు నా ప్రోగ్రాందే అని ఉన్నదున్నట్టు రాసి పంపేసింది.

మేడం పాస్ చేసింది. ఆ కాలేజీలో ఇప్పుడు ఎవరు ప్రోగ్రాం రాసినా, ముందు పెమ్మాడి వీర వెంకట సత్యనారాయణ అని కొట్టి చూస్తారు. ఆయన ఒక్కడిగా వస్తేనే ప్రోగ్రాం బాగున్నట్టు. ఈ సంగతి ఫరంపేటలో అందరికీ తెలుసు. సత్తిబాబుకి మాత్రం ఎవరూ చెప్పలేదు.