మడత పెట్టిన ఆర్డరు

ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తున్న ఆవిడ ముందు సూపర్‌వైజర్ తాళాల గుత్తి పెట్టాడు.

"రేపట్నుంచి దుప్పట్ల స్టోరు కూడా నువ్వే చూసుకోమ్మా."

"ఇస్త్రీకే నడుం విరుగుతోంది సార్. జీతమేమైనా పెంచుతారా?"

"అన్నిటికీ జీతమేనా? మన పనే అనుకుని చెయ్యాలి."

"పోయిన ఏడాది ఉతుకు కూడా మన పనే అనుకోమన్నారు. అనుకున్నాను. అదింకా నా నెత్తిమీదే ఉంది."

"నా చేతుల్లో లేదమ్మా, పైనుంచి ఆర్డరొచ్చింది. ఇదిగో, ఎప్పట్లాగే వేలిముద్ర వెయ్యి."

కింది భాగం మాత్రమే కనబడేలా కాగితాన్ని మడిచి పట్టుకున్నాడు. ఆవిడ దాన్ని లాక్కుని, తడి దుప్పటిని దులిపినట్టు ఒక్క దులుపు దులిపి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"స్టోరు బాధ్యత... సూపర్‌వైజర్‌దే. అందుకు... అదనపు భత్యం... ఇవ్వబడును."

అతను కాగితం వెనక్కి లాక్కోబోయాడు, ఆవిడ ఇవ్వలేదు.

"భత్యం మీకు, బరువు నాకా సార్?"

"నీకు... చదవడం ఎప్పుడొచ్చింది?"

"మా అమ్మాయి అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నాను."

తాళాల గుత్తిని అతని వైపు తోసేసి, ఇస్త్రీపెట్టె అందుకుంది.

"చదవడం కూడా నా పని కాదు సార్. ఇదొక్కటీ మీకు ఊరికే చేసిపెట్టాను."