గాలి మూలలో ఇద్దరు

“అంటే నా బండిని ఆ గాలి మూలకి తోసేస్తారన్నమాట.”

“తోసెయ్యడం కాదు దాగ్మార్ గారూ, జనం దగ్గరికి తీసుకెళ్తున్నాం.”

కోపెన్‌హేగన్‌లో ఒక చిన్న కూడలి, మధ్యాహ్నం. ఇరవై రెండేళ్లుగా అక్కడ సాసేజ్‌లు అమ్ముతున్న దాగ్మార్‌కు, కూడలిని తిరిగి తీర్చిదిద్దుతున్న ఆర్కిటెక్టుల సంస్థ నుంచి వచ్చిన ఎస్కిల్ పటం చూపిస్తున్నాడు. రెండు గంటలకు నగరపాలక సంఘం దానిని ఆమోదించవలసి ఉంది.

“జనం ఇక్కడే ఉన్నారు కదా నాయనా. నీ వెనకాలే ఐదుగురున్నారు, కాస్త పక్కకి జరుగు.”

“వీళ్లు నిలబడి తింటారు, వెళ్లిపోతారు. మేం కూర్చునేవాళ్లని లెక్కపెడతాం. ముందు మనుషుల్ని చూడాలి, కట్టడాలు తర్వాత. అదీ మా పద్ధతి.”

“మంచి పద్ధతే. బండి దగ్గర సాసేజ్ కూర్చుని తినేవాణ్ణి ఎప్పుడైనా చూశావా?”

“అది... ఇదిగో, మా లెక్కల కాగితంలో నిలబడేవాళ్లకి గడి లేదు.”

“ఆ మూలకి ఎండ రాదు. సముద్రపు గాలి సూటిగా కొడుతుంది. అక్కడికెళ్తే నెల తిరక్కుండా నా బండి మూతపడుతుంది.”

“మేమూ అలాగే అనుకున్నాం. కానీ నాలుగు రోజులు లెక్కపెట్టించాం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, ఏ గంట చూసినా అక్కడ ఇద్దరున్నారు. వానలో కూడా లేవలేదు. జనం అంతగా ఇష్టపడే చోటు మాకు ఊరంతా వెతికినా దొరకలేదు.”

“పోయిన వారమేనా?”

“అవును, సోమవారం నుంచి గురువారం దాకా.”

“ఒక అమ్మాయి, ఒక గడ్డపాయన. ఎదురెదురు బెంచీల మీద.”

“మీరూ గమనించారా?”

“గమనించకేం. ముక్కులు ఎర్రబడి, వణుక్కుంటూ గంటకోసారి కాఫీకి వచ్చేవాళ్లు. ఇలా ఎండలో కూర్చోండమ్మా అన్నాను. వద్దట. జనం కూర్చునే చోటు మీరు ఆక్రమించొద్దని ఆఫీసులో గట్టిగా చెప్పారట.”

“ఏ ఆఫీసులో?”

“అది నేనడగలేదు. ఇద్దరి చేతుల్లోనూ ఇలాంటి గడుల కాగితాలే. ఆమె అతన్ని లెక్కలో రాసేది, అతను ఆమెను లెక్కలో రాసేవాడు.”

ఎస్కిల్ పటం చుట్టేశాడు.

“నీకేమైనా కావాలా నాయనా? వెనకాల వాళ్లు ఎదురుచూస్తున్నారు.”

“ఒక్క నిమిషం, ఫోన్ చేసుకోవాలి. హలో, ఆఫీసేనా? యిట్టె, నేను ఎస్కిల్‌ని. ఆ పటం పంపకు. బండిని ఉన్నచోటే గీయి. ఎందుకా? ఆ మూలంటే జనానికి ప్రాణం అని నివేదికలో రాశాం చూడు, ముందు అది కొట్టెయ్. ఆ జనం మనం పంపినవాళ్లే.”