మూసీలో దొరికిన సగం బొక్క

18-2-2025 మంగళవారం ఉదయం 7.10కి మూసారాంబాగ్ వంతెన కింద చెత్త తీసేవాళ్లకు దొరికిన ఎముక మనిషిది కాదు. అది రాక్షసిబల్లిదని నా నమ్మకం. దాని మిగతా సగం నా గదిలో ఉంది.

నా పేరు సిద్దిరాములు. వయసు 61. టైల్స్ మేస్త్రిని. మాది నల్గొండ జిల్లా. అల్మాస్‌గూడలో కిరాయి గదిలో ఒక్కడినే ఉంటాను.

2023 మే నెలలో మంచిర్యాల వైపు ఒక ఫంక్షన్‌హాల్ పనికి పోయాను. పాలిషింగ్ మిషన్ నడిపే భిక్షపతి అక్కడే పరిచయం. పని పక్క వాగులో మాకు తొమ్మిది ముక్కలు దొరికాయి. అతను ఒకటి నాకి చూశాడు. "రాయైతే జారుతది మేస్త్రీ, పాత బొక్కైతే నాలికెను పట్టుకుంటది. ఫోన్ల చూసిన" అన్నాడు. నేనూ చూశాను. పట్టుకుంది.

ఫొటోలు చూసిన మ్యూజియం అధికారి, కాలి ఎముక కావచ్చు, మొత్తం అతికించి తెస్తేనే ఏ జంతువో చెప్పగలనన్నారు. జిగురు ఆరేదాకా ముక్కల్ని ఇసుక తట్టలో నిలబెట్టాలి. నా గదిలో ఒక్క తట్టకే చోటుంది. ముక్కలమీద భిక్షపతి వరుసగా అంకెలు వేశాడు. 1 నుంచి 5 నేను ఉంచుకున్నాను. 6 నుంచి 9 అతను దిల్‌సుఖ్‌నగర్‌లోని కొడుకు ఇంటికి తీసుకుపోయాడు. ప్రతి ఆదివారం 9కి ఎల్బీనగర్ మెట్రో మెట్ల దగ్గర కలిసేవాళ్లం. అతను తన సగాన్ని చనిపోయిన భార్య లచ్చమ్మ చీరముక్కలో చుట్టి తెచ్చేవాడు. మెత్తగా ఉంటుందని.

ఫిబ్రవరి 9న రెండు సగాలూ కలపాలనుకున్నాం. 11.30 దాకా నిలబడ్డాను. రాలేదు. ఫోన్ బంద్ ఉంది. 16న కూడా నిలబడ్డాను. అతని ఇల్లు ఏ గల్లీలోనో నేనెప్పుడూ అడగలేదు.

నిన్న సాయంత్రం కాలనీ గ్రూపులో ఎముక ఫొటో వచ్చింది. దానిమీద 7 అంకెకు నడుమ గీత ఉంది. భిక్షపతి ఏడు అట్లాగే రాస్తాడు. ఈరోజు 9.20కి పోలీస్ స్టేషన్‌కు వచ్చి, అతని నంబరు ఇచ్చాను. ఎముక చూపించినప్పుడు వంగి నాలుక ఆనించబోయాను. ఎస్సై గారు, "ఏయ్, అది మూసీల దొరికిందయ్యా!" అన్నారు. ఆగిపోయాను.

పోలీసులు అడ్రసు పట్టి పిలిపిస్తే 12.40కి అతని కోడలు సంధ్యారాణి వచ్చింది. భిక్షపతి 6వ తేదీన గుండెపోటుతో చనిపోయాడని చెప్పింది. నాకు అప్పుడే తెలిసింది.

"అత్త చీరముక్కల కట్టిన మూట షెల్ఫ్ మీదుండె సార్. పట్టుకుంటే బొక్కలెక్క తగిలింది. అత్త అస్థికలు కలపకుండ దాచుకున్నడనుకున్న. గవి ఇంట్ల ఉంచద్దంటరు గదా. విప్పలే. మూడోదినం మామ అస్థికలతోని మూసీల కలిపిన" అంది.

తర్వాత నన్ను, "మీరెవరు?" అని అడిగింది. నా నంబరు చెప్పాను. వెంట తెచ్చిన భిక్షపతి ఫోన్ ఆన్ చేసి వెతికింది. నా నంబరు 'ఆదివారం' అని ఉంది. "గిది మనిషి పేరని ఎట్ల తెలుస్తది? చావు కబురు చెప్పకపోతిమి" అంది.

ఎముక ఎవరిదో తేలకపోతే పూడ్చిపెడతారని ఇక్కడ విన్నాను. పూడ్చవద్దని నా మనవి. కాగితంలో ఎముకను కనిపెట్టినవాళ్ల పేర్లు రాస్తే భిక్షపతి పేరు ముందు రాయాలి.

ఇది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఒకరు నేర్పింది కాదు. సిమెంటుకు వేలిగీతలు అరిగినందున ముద్ర మూడుసార్లు వేయించారు.

(సిద్దిరాములు ఎడమ బొటనవేలి ముద్ర, 19-2-2025)

ముద్ర వేశాక చెప్పినది: 21వ తేదీ శుక్రవారం 11 గంటలకు మ్యూజియం అధికారి ముందు స్టేషన్‌లో రెండు సగాలూ ఆనించి చూస్తారు. నా సగం తేవాలి. సంధ్యారాణి కూడా వస్తానంది. పదింటికి మెట్రో మెట్ల దగ్గర నిలబడతానని ఆమెకు చెప్పాను.